అన్నం మానేస్తేనే బరువు తగ్గుతామా? కార్బోహైడ్రేట్ల అసలు లెక్క ఇదీ

విశాఖపట్నం: "అన్నం మానెయ్, పది రోజుల్లో నాలుగు కిలోలు తగ్గుతావ్." గాజువాక టీ కొట్టు దగ్గర, పూర్ణా మార్కెట్‌లో, జుమా నమాజు తర్వాత మసీదు గేటు బయట, ఎక్కడ చూసినా ఈ మాట వినిపిస్తూనే ఉంటుంది. ఒకరు అన్నం మానేసి కొబ్బరి నూనె తాగుతారు. ఇంకొకరు బియ్యం బదులు కొర్రలు వండుకుంటారు. మరొకరు రాత్రి పూట రెండు చపాతీలతో సరిపెడతారు. మూడు నెలల తర్వాత చూస్తే చాలామంది మళ్లీ మొదటికే వచ్చి ఉంటారు.

ఇంతకీ కార్బోహైడ్రేట్లు తగ్గించడం బరువుకు నిజంగా అవసరమా? టూకీగా జవాబు ఇదీ: కార్బోహైడ్రేట్లు తగ్గిస్తే బరువు తగ్గుతారు. కానీ తగ్గేది వాటిలో ఏదో విషం ఉన్నందువల్ల కాదు, మొత్తం తిండి తగ్గినందువల్ల. అయితే మన తెలుగు ఇళ్లలో పళ్లెం నిండా ఉండేదే అన్నం కాబట్టి, తగ్గింపు అక్కడ మొదలుపెట్టడం తెలివైన పనే. పూర్తిగా మానేయాల్సిన పని మాత్రం లేదు. షుగర్ మాత్రలు వాడేవాళ్లు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా మానేస్తే ప్రమాదం కూడా.

ఈ జవాబు వెనకున్న లెక్క ఒక్కొక్కటిగా చూద్దాం.

కార్బోహైడ్రేట్లు అంటే ఏవి?

తెలుగులో పిండిపదార్థాలు అంటాం. బియ్యం, గోధుమ, మైదా, రవ్వ, అటుకులు, సేమియా, బంగాళాదుంప, పంచదార, బెల్లం, పండ్లు, ఖర్జూరం, వీటన్నిటిలో ప్రధానంగా ఉండేవి ఇవే. పప్పుల్లో, పాలలో కూడా కొంత ఉంటాయి. మాంసం, చేపలు, గుడ్లలో దాదాపు ఉండవు. నూనె, నెయ్యిలో అసలే ఉండవు.

ఒక గ్రాము పిండిపదార్థం 4 కేలరీల శక్తినిస్తుంది. ఒక గ్రాము ప్రోటీన్ కూడా 4 కేలరీలే. ఒక గ్రాము కొవ్వు మాత్రం 9 కేలరీలు. అంటే గ్రాముకు గ్రాము చూస్తే కొవ్వులోనే రెట్టింపు కంటే ఎక్కువ శక్తి ఉంది. మరి అందరూ అన్నాన్నే ఎందుకు తప్పుపడతారు? ఎందుకంటే మనం నూనెను చెంచాలతో కొలుస్తాం, అన్నాన్ని గరిటెలతో వడ్డించుకుంటాం.

వండిన అన్నం 100 గ్రాముల్లో సుమారు 130 కేలరీలుంటాయి. మధ్యాహ్నం 300 గ్రాముల అన్నం తినే మనిషికి ఒక్క అన్నం నుంచే 390 కేలరీలు వస్తాయి. రాత్రి కూడా అంతే తింటే 780. ఇందులో సాలన్, పప్పు, నూనె, పొద్దున్న ఇడ్లీ, సాయంత్రం చాయ్ ఏవీ కలపలేదు.

తెలుగు నేలపైకి ఈ మాట ఎలా వచ్చింది?

పిండిపదార్థాలు తగ్గించి బరువు తగ్గడం కొత్త ఆలోచనేమీ కాదు. 1863లోనే లండన్‌లో విలియం బాంటింగ్ అనే ఆయన రొట్టె, పంచదార, బంగాళాదుంప మానేసి సన్నబడ్డానని ఒక చిన్న పుస్తకం వేశాడు. 1921లో అమెరికాలోని మేయో క్లినిక్ డాక్టర్ రస్సెల్ వైల్డర్ 'కీటోజెనిక్ డైట్' అనే పేరు పెట్టాడు. అది బరువు కోసం కాదు, మూర్ఛ రోగుల కోసం. 1972లో డాక్టర్ రాబర్ట్ అట్కిన్స్ పుస్తకంతో ఈ పద్ధతి బరువు తగ్గే ప్రచారంగా మారింది.

తెలుగు రాష్ట్రాల్లో దీన్ని ఇంటింటికీ చేర్చింది వీరమాచనేని రామకృష్ణ. 2017, 2018 ప్రాంతంలో యూట్యూబ్ వీడియోలు, సభల ద్వారా 'వీఆర్‌కే డైట్' మారుమోగిపోయింది. రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, అదీ ముఖ్యంగా కొబ్బరి నూనె, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్లు, మల్టీవిటమిన్ మాత్రలు. ఇవే దాని నాలుగు స్తంభాలు. అన్నం, చపాతీ, పంచదార, పండ్లు పూర్తిగా బంద్. రామకృష్ణ డాక్టర్ కాదు. టీవీ చర్చల్లో చాలామంది డాక్టర్లు ఈ పద్ధతిని గట్టిగా వ్యతిరేకించారు. బరువు తగ్గామని చెప్పినవాళ్లూ వేలల్లోనే ఉన్నారు.

ఇంకో పక్క కడప జిల్లా మూలాలున్న డాక్టర్ ఖాదర్ వలీ సిరిధాన్యాల ప్రచారం చేశారు. కొర్రలు, అండు కొర్రలు, సామలు, ఊదలు, అరికలు, ఈ ఐదూ బియ్యం, గోధుమల స్థానంలోకి రావాలన్నది ఆయన మాట. 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఒకరు అన్నం తీసేసి నూనె పెట్టారు, మరొకరు అన్నం తీసేసి ధాన్యం మార్చారు. రెండు దారుల్లోనూ తెల్ల అన్నమే దోషి. అది ఎంతవరకు నిజమో పరిశోధనలు చెబుతాయి.

మొదటి వారంలో తగ్గేది ఏంటి?

అన్నం మానేసిన మొదటి వారంలోనే రెండు మూడు కిలోలు తగ్గడం నిజమే. కానీ అందులో ఎక్కువ భాగం కొవ్వు కాదు, నీరు.

మనం తిన్న పిండిపదార్థాల్లో కొంత భాగాన్ని శరీరం గ్లైకోజెన్ అనే రూపంలో కాలేయంలో, కండరాల్లో దాచుకుంటుంది. పెద్దవాళ్లలో ఇది సుమారు అర కిలో వరకు ఉంటుంది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్ తనతోపాటు దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. అన్నం ఆపగానే శరీరం ముందు ఈ నిల్వను ఖర్చు చేస్తుంది. దాంతోపాటు నీరూ బయటికి పోతుంది. ఉప్పు కూడా ఎక్కువగా పోతుంది. అందుకే మొదటి రోజుల్లో తలనొప్పి, నీరసం, కళ్లు తిరగడం వస్తాయి.

పెళ్లి దావత్‌లో ఒక్క పూట బిర్యానీ తినగానే కిలోన్నర పెరిగిందని కంగారు పడేది కూడా ఇందుకే. ఒక్క రాత్రిలో కిలోన్నర కొవ్వు రాదు. పోయిన నీరు వెనక్కి వస్తుంది, అంతే. ఈ సంగతి తెలియక కొందరు మొదటి వారం సంబరపడతారు, మూడో వారం కాటా కదలకపోతే నిరాశపడి మొత్తం వదిలేస్తారు.

పరిశోధనలు ఏం తేల్చాయి?

ఈ ప్రశ్న మీద ప్రపంచంలో పెద్ద పెద్ద ప్రయోగాలే జరిగాయి.

2009లో అమెరికాలో 811 మందిని నాలుగు గుంపులుగా చేశారు. ఒక్కో గుంపుకు కొవ్వు, ప్రోటీన్, పిండిపదార్థాల పాళ్లు వేరు. కేలరీలు మాత్రం అందరికీ తగ్గించారు. రెండేళ్ల తర్వాత చూస్తే అన్ని గుంపులూ దాదాపు ఒకేలా తగ్గాయి, సగటున 4 కిలోల దాకా. ఆరు నెలలప్పుడు 6 కిలోలు తగ్గినవాళ్లు ఆ తర్వాత కొంత తిరిగి పెరిగారు.

2018లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ 609 మందితో ఏడాది పాటు ఇంకో ప్రయోగం చేసింది. సగం మంది కొవ్వు తగ్గించారు, సగం మంది పిండిపదార్థాలు తగ్గించారు. కొవ్వు తగ్గించినవాళ్లు సగటున 5.3 కిలోలు, పిండిపదార్థాలు తగ్గించినవాళ్లు 6 కిలోలు తగ్గారు. ఆ 700 గ్రాముల తేడాను తేడాగా లెక్కించలేమని పరిశోధకులే చెప్పారు. గమనించాల్సింది ఇంకోటి ఉంది. రెండు గుంపుల్లోనూ కొందరు పాతిక కిలోలకు పైగా తగ్గారు, కొందరు పెరిగారు కూడా. అంటే పద్ధతి ఏదన్నది కాదు, ఆ మనిషి దాన్ని ఎంతకాలం నిలబెట్టుకున్నాడన్నదే తేడా.

2021లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థలో కెవిన్ హాల్ బృందం 20 మందిని నాలుగు వారాలు ఆస్పత్రిలోనే ఉంచి పరీక్షించింది. రెండు వారాలు పిండిపదార్థాలు బాగా తక్కువగా ఉన్న తిండి, రెండు వారాలు కొవ్వు బాగా తక్కువగా ఉన్న తిండి. ఎంత కావాలంటే అంత తినొచ్చన్నారు. పిండిపదార్థాలు తింటే ఇన్సులిన్ పెరిగి, ఆకలి పెరిగి లావైపోతారన్న వాదన నిజమైతే రెండో రకం తిండిలో ఎక్కువ తినాలి. కానీ జరిగింది తిరగబడింది. కొవ్వు తక్కువ, పిండిపదార్థాలు ఎక్కువ ఉన్న తిండి మీద జనం రోజుకు సుమారు 690 కేలరీలు తక్కువ తిన్నారు.

2022లో కాక్రేన్ సంస్థ 61 ప్రయోగాలను కలిపి చూసింది. పిండిపదార్థాలు తగ్గించిన తిండికీ, సమతుల తిండికీ మధ్య బరువులో తేడా ఉన్నా అది చాలా తక్కువేనని తేల్చింది.

మరి కొందరికి అంత బాగా ఎందుకు పనిచేస్తుంది?

మూడు కారణాలున్నాయి.

ఒకటి, తినే అవకాశమే తగ్గిపోతుంది. అన్నం, రొట్టె, బిస్కెట్, సమోసా, బన్, జిలేబీ అన్నీ బంద్ అంటే మన బజార్లో దొరికే చిరుతిండి అంతా బంద్ అయినట్టే. లెక్క వేయకుండానే కేలరీలు పడిపోతాయి.

రెండు, అన్నం స్థానంలో గుడ్లు, చికెన్, చేపలు వస్తే ప్రోటీన్ పెరుగుతుంది. ప్రోటీన్ కడుపు నిండిన భావన ఎక్కువసేపు ఇస్తుంది. కండ కరిగిపోకుండా కూడా కాపాడుతుంది.

మూడు, నియమం సులువు. "సగం తిను" అన్నదానికంటే "అసలు తినకు" అన్నది కొందరికి పాటించడం తేలిక.

అయితే నూనె సంగతి మర్చిపోకూడదు. 70 గ్రాముల కొబ్బరి నూనె అంటే 630 కేలరీలు, 100 గ్రాములంటే 900. అది అర కిలో పైగా అన్నంతో సమానం. పక్కన ఇంకేమీ తినకపోతే బరువు తగ్గుతారు, నిజమే. అన్నం కూడా తింటూ పైన నూనె తాగితే మాత్రం పెరుగుతారు. కొబ్బరి నూనెలో ఎక్కువ భాగం సంతృప్త కొవ్వు. అది చాలామందిలో చెడు కొలెస్ట్రాల్ పెంచుతుంది. గుండె జబ్బు ఉన్న ఇళ్లలో ఇది చిన్న విషయం కాదు.

పని మారింది, పళ్లెం మారలేదు

విశాఖ పెరిగిందే ఒంటి కష్టం మీద. 1933లో పోర్టు మొదలైనప్పటి నుంచి దశాబ్దాల పాటు బస్తాలు మోసిన చేతులు, ఆ తర్వాత ఉక్కు ఫ్యాక్టరీ కట్టిన చేతులు. రోజంతా బరువులు మోసే మనిషికి గంపెడన్నం అవసరమే. అది ఒంట్లో కొవ్వుగా మారదు, సాయంత్రానికి ఖర్చయిపోతుంది.

ఇప్పుడు పోర్టులో చాలా సరుకు కంటైనర్లలో వస్తుంది, క్రేన్ ఎత్తుతుంది, కన్వేయర్ బెల్ట్ మోస్తుంది. క్రేన్ నడిపే మనిషి కేబిన్‌లో కూర్చునే ఉంటాడు. ప్లాంట్‌లో కంట్రోల్ రూమ్ ఉద్యోగి కూడా కూర్చునే ఉంటాడు. ఆటో డ్రైవర్, షాపు యజమాని, బ్యాంకు ఉద్యోగి అందరిదీ కూర్చునే పనే. కానీ తాత తిన్న కొలతే మనవడి పళ్లెంలోనూ పడుతోంది. ఖర్చు తగ్గింది, జమ తగ్గలేదు. మిగిలింది పొట్ట దగ్గర చేరుతోంది.

ఉక్కునగరం, కూర్మన్నపాలెం, గాజువాక ఇళ్లలో షిఫ్టు డ్యూటీ ఇంకో చిక్కు. నైట్ షిఫ్టుకు వెళ్లేముందు ఒక భోజనం, అర్ధరాత్రి క్యాంటీన్‌లో చాయ్, బిస్కెట్లు, పొద్దున్న ఇంటికొచ్చాక టిఫిన్, ఆపైన నిద్ర. రోజుకు మూడు పూటలు కాస్తా నాలుగైదు అవుతాయి. నిద్ర తక్కువైతే ఆకలి కూడా పెరుగుతుంది. ఇలాంటి వాళ్లకు అన్నం మానడం కంటే, డ్యూటీలో తినే ఆ అదనపు పూటను ఒక గుడ్డు, గుప్పెడు శనగలతో సరిపెట్టడం ఎక్కువ మేలు చేస్తుంది.

మన దేశం లెక్క వేరు

విదేశీ ప్రయోగాలు మనకు అచ్చంగా వర్తిస్తాయా అన్న అనుమానం న్యాయమైనదే. అక్కడివాళ్ల పళ్లెంలో సగం కేలరీలు పిండిపదార్థాల నుంచి వస్తే, మన పళ్లెంలో అంతకంటే ఎక్కువ వస్తాయి. భారత వైద్య పరిశోధన మండలి సహకారంతో జరిగిన ఇండియాబ్ సర్వే ప్రకారం మనవాళ్లు తినే కేలరీల్లో దాదాపు 62 శాతం పిండిపదార్థాలే. అందులో ఎక్కువ భాగం తెల్ల బియ్యం, మర పిండి, పంచదార. ప్రోటీన్ మాత్రం చాలా తక్కువ.

ఇదే సర్వే 2023లో వెల్లడించిన లెక్కల ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉంది. ఇంకో 13 కోట్ల మందికి పైగా షుగర్ అంచున ఉన్నారు. పొట్ట చుట్టూ కొవ్వు ఉన్నవాళ్లు దాదాపు 40 శాతం.

ఇంకో ముఖ్యమైన విషయాన్ని ఈ సర్వే బృందం 2025లో చెప్పింది. బియ్యం తీసేసి గోధుమలో, చిరుధాన్యాలో పెట్టినంత మాత్రాన షుగర్ ముప్పు తగ్గలేదు. మొత్తం పిండిపదార్థాలను కొంచెం తగ్గించి, ఆ చోట పప్పులు, పాల పదార్థాల వంటి ప్రోటీన్ పెట్టినప్పుడే తగ్గింది. అదీ 5 శాతం కేలరీలు మార్చినా తేడా కనిపించింది.

దీని అర్థం ఇంట్లో చూద్దాం. 100 గ్రాముల బియ్యంలో సుమారు 78 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. సామల్లో 65, అరికల్లో 66, రాగుల్లో 67, గోధుమ పిండిలో 64 గ్రాముల దాకా ఉంటుంది. చిరుధాన్యాల్లో పీచు ఎక్కువ, అది మంచిదే. కానీ "ఇది మిల్లెట్ కదా" అని రెండు ప్లేట్లు తింటే లెక్క మళ్లీ అక్కడికే వస్తుంది. అన్నం బదులు ఐదు చపాతీలు తిన్నా అంతే.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో కొత్త ఆహార మార్గదర్శకాలు ఇచ్చింది. రోజు మొత్తం కేలరీల్లో ధాన్యాల వాటా 45 శాతం దాటొద్దన్నది అందులో ముఖ్యమైన మాట. 2000 కేలరీల రోజుకు వండని లెక్కలో 250 గ్రాముల ధాన్యాలు, 400 గ్రాముల కూరగాయలు, 85 గ్రాముల పప్పులు లేదా మాంసం, గుడ్లు, 300 మిల్లీలీటర్ల పాలు, 27 గ్రాముల నూనె అని పళ్లెం కూడా గీసి చూపించింది. ధాన్యాన్ని సున్నా చేయమని ఎక్కడా చెప్పలేదు.

షుగర్ ఉన్నవాళ్ల సంగతేంటి?

ఇక్కడ పిండిపదార్థాల తగ్గింపుకు బరువును మించిన విలువ ఉంది. భోజనం తర్వాత రక్తంలో చక్కెర ఎంత పెరుగుతుందన్నది ప్రధానంగా ఆ పూట తిన్న పిండిపదార్థాల మీదే ఆధారపడుతుంది. అందుకే షుగర్ ఉన్నవాళ్లకు అన్నం తగ్గించమని డాక్టర్లు చెప్పడం సరైనదే.

కానీ ఇక్కడ కూడా పూర్తిగా మానడమే దారి అనుకోవద్దు. బ్రిటన్‌లో 2017లో ఫలితాలు వచ్చిన డైరెక్ట్ అనే ప్రయోగంలో షుగర్ ఉన్నవాళ్లకు కొన్ని నెలలపాటు డాక్టర్ల పర్యవేక్షణలో రోజుకు 850 కేలరీల లోపు ద్రవాహారం ఇచ్చారు. ఏడాది తర్వాత వారిలో 46 శాతం మందికి మాత్రలు లేకుండానే షుగర్ అదుపులోకి వచ్చింది. 15 కిలోలు, అంతకు మించి తగ్గినవాళ్లలో అయితే 86 శాతం మందికి. ఆశ్చర్యం ఏంటంటే, ఆ ద్రవాహారంలో సగానికి పైగా కేలరీలు పిండిపదార్థాల నుంచి వచ్చినవే. షుగర్‌ను వెనక్కి తగ్గించింది బరువు తగ్గడం. ఆ బరువు ఏ దారిలో తగ్గిందన్నది రెండో మాట.

వీళ్లు మాత్రం డాక్టర్‌ను అడగకుండా చేయొద్దు

ఈ భాగం ఇంట్లో పెద్దవాళ్లకు చదివి వినిపించండి.

షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు: గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు, ఇన్సులిన్ వేసుకుంటూ ఒక్కసారిగా అన్నం మానేస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. చెమటలు, వణుకు, స్పృహ తప్పడం జరగొచ్చు. ముందు మందు మోతాదు మార్చాలి, తర్వాతే తిండి.

డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడేవాళ్లు: ఈ మాత్రలు ఈ మధ్య చాలామందికి రాస్తున్నారు. వీటితోపాటు పిండిపదార్థాలు పూర్తిగా ఆపేస్తే రక్తంలో ఆమ్లాలు పేరుకునే కీటోఅసిడోసిస్ రావచ్చు. గ్లూకోమీటర్‌లో చక్కెర మామూలుగానే కనిపిస్తుంది, లోపల మాత్రం ప్రాణం మీదికి వస్తుంది. వాంతులు, కడుపు నొప్పి, ఆయాసం కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లాలి.

కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు: శ్రీకాకుళం జిల్లా ఉద్దానం కిడ్నీ వ్యాధి సంగతి ఉత్తరాంధ్రలో తెలియనివారు లేరు. అక్కడి నుంచి విశాఖలో స్థిరపడ్డ కుటుంబాలు చాలానే ఉన్నాయి. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లు అన్నం మానేసి మాంసం, గుడ్లు విపరీతంగా పెంచితే భారం ఇంకా పెరుగుతుంది. ముందుగా క్రియాటినిన్ పరీక్ష చేయించుకోవాలి.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఎదిగే పిల్లలు: వీళ్లకు కఠినమైన ఏ డైటూ వద్దు.

బీపీ మాత్రలు వాడేవాళ్లు, పిత్తాశయంలో రాళ్లు ఉన్నవాళ్లు: త్వరగా బరువు తగ్గితే బీపీ పడిపోవచ్చు, రాళ్ల బాధ పెరగొచ్చు.

విశాఖలో 1923 నుంచి ఉన్న కింగ్ జార్జ్ ఆస్పత్రిలో షుగర్, హార్మోన్ జబ్బులకు ప్రత్యేకంగా ఎండోక్రినాలజీ విభాగం ఉంది. వేలు పోసి డైట్ ప్యాకేజీ కొనేముందు అక్కడ ఒక్కసారి చూపించుకోవడం మేలు.

డబ్బు మాట కూడా చెప్పుకోవాలి

"అన్నం మానేసి చేపలు, బాదం, పనీర్ తినండి" అని చెప్పడం తేలిక. 2023 జనవరి నుంచి కేంద్రం రేషన్ బియ్యం ఉచితంగా ఇస్తోంది. బియ్యం ఉచితం, ప్రోటీన్ ఖరీదు. నలుగురున్న ఇంట్లో రోజూ కిలో చికెన్ కొనడం అందరి వల్లా కాదు. ఒక్కరి డైట్ కోసం ఇంటి ఖర్చంతా తలకిందులైతే ఆ డైట్ నెల కూడా నిలవదు.

చవకైన దారులున్నాయి. గుడ్డులో 6 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. వంజరం ఖరీదైతే ఫిషింగ్ హార్బర్ నుంచి వచ్చే కవళ్లు, నెత్తళ్లు దానికి ఏమాత్రం తీసిపోవు. కందిపప్పు, శనగలు, పెసలు, సోయా, పెరుగు అందుబాటులోనే ఉన్నాయి. వేపుడు కాకుండా పులుసు పెడితే నూనె కూడా మిగులుతుంది.

ఇంకో మాట. చాలా ఇళ్లలో అందరూ తిన్నాక చివర్లో తినేది అమ్మీయే. అప్పటికి గిన్నెలో ముక్కలు అయిపోతాయి, అన్నం, కాస్త షేర్వా మిగులుతాయి. పారేయడం ఇష్టంలేక ఆ అన్నమంతా ఆమే తింటుంది. తర్వాత లావయ్యిందని, మోకాళ్లు నొప్పులని బాధపడేదీ ఆమే. ఆమె వంతు ముక్క, ఆమె వంతు గుడ్డు ముందే తీసి పక్కన పెట్టడం ఏ డైట్ కంటే కూడా ముఖ్యం.

దస్తర్‌ఖాన్ మీద ఎలా?

అన్నం సగం చేయండి. రోజుకు 600 గ్రాముల వండిన అన్నం తినేవాళ్లు 300కు దిగితే 390 కేలరీలు తగ్గుతాయి. ఒక కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీలుంటాయి. కాగితం మీద లెక్క వేస్తే ఇరవై రోజులకు ఒక కిలో. నిజ జీవితంలో అంతకంటే నెమ్మదిగానే తగ్గుతుంది, ఎందుకంటే బరువు తగ్గేకొద్దీ శరీరం ఖర్చు కూడా తగ్గిస్తుంది. అయినా తగ్గుతుంది.

తీసేసిన అన్నం స్థానంలో కూర పెంచండి. ముందు కూర, పప్పు, ముక్కలు వడ్డించుకుని చివర్లో అన్నం పెట్టుకుంటే తేడా మీకే తెలుస్తుంది.

చాయ్ లెక్క చూడండి. కప్పుకు రెండు చెంచాల పంచదార, రోజుకు నాలుగు కప్పులు అంటే 40 గ్రాములు, 160 కేలరీలు. జాతీయ పోషకాహార సంస్థ చెప్పిన రోజు హద్దు 25 గ్రాములే. అన్నం జోలికి వెళ్లేముందు దీన్ని తగ్గించడం అందరికీ సులువు.

నూనె కొలవండి. ఒక పెద్ద చెంచా నూనె 120 కేలరీలు. పరాటా, పూరీ, పకోడీ వారానికి ఒకసారికి పరిమితం చేయండి.

బిర్యానీ మానక్కర్లేదు. వలీమాలో ఒక్కసారి వడ్డించుకుని ఆపండి. బిర్యానీ తర్వాత డబల్ కా మీఠా, ఆపైన కూల్ డ్రింక్, మూడూ ఒకే పూట కాకుండా చూసుకోండి.

రంజాన్‌లో జాగ్రత్త. నెల రోజులు రోజా ఉన్నా తగ్గే బరువు కొద్దిదే, అదీ పండగ తర్వాత చాలామందికి తిరిగి వచ్చేస్తుంది. ఇఫ్తార్‌లో సమోసాలు, తియ్యటి షర్బత్, ఆపైన హలీం, రాత్రి మళ్లీ భోజనం చేస్తే పగలు మిగిల్చింది అక్కడే పోతుంది. ఖర్జూరాలు రెండు మూడుతో ఆపి, నీళ్లు తాగి, నమాజు తర్వాత ఒకే భోజనం చేయడం మంచి పద్ధతి. సహరీలో గుడ్డు, పెరుగు, పప్పు ఉంటే పగలు ఆకలి తట్టుకోవచ్చు. షుగర్ ఉన్నవాళ్లు రంజాన్‌కు ముందే డాక్టర్‌తో మందుల వేళలు మార్పించుకోవాలి.

నడవండి. ఒక్క నడకతో బరువు పెద్దగా తగ్గదు గానీ, తగ్గిన బరువు తిరిగి రాకుండా అది కాపాడుతుంది. భోజనం తర్వాత పదిహేను నిమిషాలు నడిస్తే చక్కెర కూడా అంతగా పెరగదు.

కాటా కంటే టేపు మేలు

మన దేశంవాళ్లకు బీఎంఐ 23 దాటితేనే అధిక బరువుగా, 25 దాటితే ఊబకాయంగా లెక్కిస్తారు. ఎందుకంటే చూడ్డానికి సన్నగా ఉన్నా మనలో పొట్ట లోపల కొవ్వు ఎక్కువ. నడుము చుట్టుకొలత మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటకూడదు. దర్జీ దగ్గర ఉండే టేపు చాలు. నెలకోసారి కొలిచి రాసుకుంటే నీరు తగ్గిందో, కొవ్వు తగ్గిందో అర్థమవుతుంది. బరువు ఉన్నదాంట్లో 5 నుంచి 10 శాతం తగ్గినా బీపీ, షుగర్‌లలో తేడా కనిపిస్తుంది. 80 కిలోల మనిషికి అది 4 నుంచి 8 కిలోలు.

ఏ పద్ధతి మొదలుపెట్టేముందైనా ఒక ప్రశ్న వేసుకోవాలి. వచ్చే ఏడాది ఈ రోజున కూడా ఇలాగే తినగలనా? తినగలనంటే అది మీకు తగిన పద్ధతి, అందులో అన్నం ఉన్నా సరే. తినలేనంటే, పది రోజుల్లో ఎన్ని కిలోలు తగ్గినా అవి తిరిగి వచ్చేవే.

(ఈ వ్యాసం అవగాహన కోసం మాత్రమే. మందులు వాడుతున్నవారు తిండిలో పెద్ద మార్పులు చేసేముందు తప్పకుండా డాక్టర్‌ను సంప్రదించాలి.)